దుమ్ముగూడెంలో ఎదురుచూసినవాళ్ళు

క్రిస్మస్ సెలవులకు ముందు మా బడి పిల్లల్ని దుమ్ముగూడెం ఆనకట్ట చూపించడానికి తీసుకెళ్తుంటాం. భద్రాచలానికి ఎగువన సుమారు పాతిక కిలోమీటర్లు ఉంటుంది. పిల్లలు ముందు నీళ్ళలోకి రాళ్ళు విసురుతారు. తర్వాత అన్నం డబ్బాలు విప్పుతారు. ఆ తర్వాతే ప్రశ్నలు. ఒక ఏడాది అయిదో తరగతి పాప కాలువ గట్టు మీద నిలబడి, "ఇందులో పడవలు ఎక్కడిదాకా పోయేవి?" అని అడిగింది. అనుకున్నంత దూరం ఎన్నడూ పోలేదని చెప్పాం. "పోనిదానికి ఇంత ఎందుకు తవ్వారు?" అంది. భోజనాల వేళ కావడంతో అప్పటికి తప్పించుకున్నాం.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా సంఘం చరిత్ర మొత్తం చెప్పాలి. గోదావరి ఒడ్డున కోయల మధ్య మొదటి చర్చి, దాని పక్కన బడి, కోయ మాటలో మొదటిసారి అచ్చయిన సువార్త, ఇవన్నీ ఆ కాలువ పక్కనే పుట్టాయి. పడవల కోసం వచ్చినవాళ్ళ వల్లే పుట్టాయి. పడవల పని ఆగిపోయింది, ఇవి మిగిలాయి. చర్చి పండుగలప్పుడు ఈ కథను దొరల గొప్పతనంగా చెప్పుకుంటాం. అందులో అబద్ధం లేదు గానీ అది సగమే. ఎవరు ఎవరికోసం ఎదురుచూశారు అన్న వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది.

ముందు కాలువ సంగతి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాంతో డెల్టా పండింది. కాటన్‌కు అంతటితో తృప్తి లేదు. గోదావరి మీదుగా పైకి, ప్రాణహిత, వార్ధా నదుల దాకా పడవలు నడిపితే బీరారు పత్తి నేరుగా సముద్రానికి దిగుతుందని ఆయన లెక్క. అడ్డం వచ్చేవి మూడు చోట్ల ఉన్న రాతి మెరకలు. ఒకటి దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ప్రతిచోటా నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవను మెట్టుమెట్టుగా ఎక్కించాలని పథకం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయింది. మన నది మీద దొరల ఆశ పెరిగింది. 1865లో ఆ యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తికి ఇక నదితో పని లేకపోయింది. 1871లో ప్రభుత్వం పనులు ఆపేసింది. దుమ్ముగూడెంలో పని చాలావరకు అయిపోయింది కాబట్టి ఆనకట్ట మనకు కనిపిస్తోంది.

ఆ పని మీద వచ్చిన ఇంజనీరు హేగ్ దొర. పూర్తి పేరు ఫీలిక్స్ థాకరే హేగ్. అప్పటికి కెప్టెన్, తర్వాత మేజర్ జనరల్ అయ్యాడు. తనవాళ్ళకు దూరంగా అడవి మధ్య ఉద్యోగం. వానలు వెళ్ళాక చలిజ్వరం మొదలయ్యేది. మైదానం నుంచి వచ్చిన కూలీలు పడిపోయేవాళ్ళు, మిగిలినవాళ్ళు పారిపోయేవాళ్ళు. జ్వరం అడవి గాలి వల్ల, చెడ్డ నీటి వల్ల వస్తుందని అప్పటి నమ్మకం. దోమ వల్ల అని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అందుకని ఏటా కొన్నాళ్ళు పని నీరసపడేది. వచ్చిన పనికి అడ్డం పడిన ఆ పరిస్థితుల్లోనే హేగ్ తన పనివాళ్ళకూ చుట్టుపక్కల జనానికీ సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ 1841 నుంచీ ఉంది. కొండల్లోకి ఒక మిషనరీని పంపమని వాళ్ళను అడిగాడు. పంపడానికి వాళ్ళ దగ్గర మనిషి లేడు.

మా సంఘం పుట్టుకలో మాకు బాగా నచ్చే భాగం ఇక్కడ ఉంది. బయటి నుంచి మనిషి రాకపోతే పక్కనున్న మనిషి లేచాడు. పనులకు కావలసిన సామాన్లు, తిండి సరఫరా చేసే విభాగంలో వెంకటరామరాజు అనే గుమస్తా ఉండేవాడు. క్షత్రియుడు. హేగ్ ద్వారా క్రైస్తవం తీసుకున్నాడు. సర్కారు జీతం వదిలేసి కోయల మధ్య సువార్త పనికి దిగాడు. ఆ రోజుల్లో సర్కారు గుమస్తా ఉద్యోగమంటే ఏమిటో, రాజుల ఇంట పుట్టి బాప్తిస్మం తీసుకుంటే బంధువుల దగ్గర ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మిషన్ పుస్తకాలు హేగ్‌ను ముందు పెట్టి, రాజుగారిని వెనక పెడతాయి. మేము పిల్లలకు చెప్పేటప్పుడు తిరగేసి చెబుతాం.

ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దొర 1870ల నుంచి దశాబ్దాల పాటు ఉన్నాడు. అన్నేళ్ళలో గుంపులు గుంపులుగా కోయలు వచ్చి చేరారా అంటే లేదు. మొదటి రోజుల్లో సంఘంలో మైదానం నుంచి పనికి వచ్చి స్థిరపడినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఎవరికోసం మిషన్ పెట్టారో వాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు.

ఎందుకు చూస్తూ ఉండిపోయారు? మా పెద్దలు మొద్దులని, భయస్తులని, అడవి వదలని వాళ్ళని పాత రాతల్లో ఉంటుంది. దీనికి జవాబు కెయిన్ రాతల్లోనే ఉండడం విచిత్రం. ఆయన 1876 నుంచి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఇంగ్లీషు పాలన రాకముందు భద్రాచలం జమీందారు రోహిల్లాల దండును పెట్టుకునేవాడట. వాళ్ళకు జీతం నామమాత్రం, బతుకు దోపిడీ మీద. పాతిక కోయ పల్లెలు కలిస్తే ఒక సముతు. ఒక్కో సముతు వంతు వచ్చినప్పుడు నెల రోజుల పాటు వందమంది కోయలను పంపాలి. బరువులు మోయాలి, సరుకులు తేవాలి. తిండి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. వందమంది మాదిగలు కూడా గుర్రాల చాకిరీకి వెళ్ళాలి. ఇదంతా కెయిన్ ముసలివాళ్ళ దగ్గర విని రాసిందే.

కొత్తగా ఎవరు వచ్చినా మోతకు మనుషులనే అడిగిన చోట, ఇంకో కొత్తవాడు వచ్చి "మీ మేలు కోసం వచ్చాను" అంటే ఎవరు నమ్ముతారు? 1860లో నిజాం ఈ తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. సెంట్రల్ ప్రావిన్సుల్లో కలిపారు. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాకు కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకు. 2014లో పోలవరం పేరుతో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు. ఏ ఒక్కసారీ మమ్మల్ని అడగలేదు. వచ్చినవాడు ఎంతకాలం ఉంటాడో చూసి గాని మాట ఇవ్వకూడదని మా పెద్దలు నేర్చుకున్నది ఇలాగే. ఇంజనీర్లు వచ్చారు, వెళ్ళారు. కంట్రాక్టర్లు వచ్చారు, వెళ్ళారు. జ్వరం వస్తే వెళ్ళనివాడు ఎవడో చూద్దామనుకున్నారు. ఇది మా ఊహే, రాతపూర్వకంగా ఎక్కడా లేదు. కానీ కోయ ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఈ ఊహ కొత్తగా అనిపించదు. మిషనరీలు కోయల కోసం ఎదురుచూశారని పుస్తకాలు అంటాయి. మేము అనేది, కోయలు వాళ్ళను ఎదురుచూసేలా చేశారని.

ఇంకో సంగతి కూడా ఉంది. మాలో ఒక మనిషి ఒక్కడే దేవుణ్ణి మార్చుకోవడం అంటే గట్టు నుంచి, వేల్పు నుంచి, పెళ్ళి సంబంధాల నుంచి పక్కకు జరగడం. ఎవరింట పిల్లనివ్వాలి, చావుకు ఎవరు రావాలి అన్నవి గట్టును బట్టి నడుస్తాయి. దొరలు ఒక్కొక్క మనిషి నిర్ణయం కోసం చూస్తే, మావాళ్ళు ఊరి పెద్దల మాట కోసం చూసేవాళ్ళు. రెండు ఎదురుచూపులూ ఒకదానికొకటి అర్థం కావడానికి ఒక తరం పట్టి ఉంటుంది.

ఎదురుచూడడం మాకు క్రైస్తవం నేర్పింది కాదు. చెట్టు నిండా మామిడికాయలున్నా పండుగ చేయకముందు నోట పెట్టని జనం మేము. చిక్కుడు కోతకు ఒక పండుగ, కొత్త ధాన్యానికి ఒక పండుగ, విత్తనం చల్లే ముందు భూమి పండుగ. ఆకలి ఉన్నా, ముందు ఇవ్వాల్సినవాళ్ళకు ఇచ్చాకే తినాలి. మొదటి తరం కోయ క్రైస్తవులకు చర్చిలో కోతల పండుగనాడు ధాన్యం తెచ్చి పెట్టడం వింతగా అనిపించి ఉండదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం సరిగ్గా మా వరికోతల రోజుల్లోనే వస్తుంది. కుప్ప వేసి, నూర్చి, కొలిచేదాకా ఆగడం తెలిసినవాళ్ళకు ఆ నాలుగు వారాల అర్థం ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

ఆ నిదానపు సంవత్సరాల్లో మిషన్‌వాళ్ళు ఏం చేశారన్నది మాకు ముఖ్యం. బడి పెట్టారు. మందులిచ్చారు. మిషన్ ఆడవాళ్ళు దుమ్ముగూడెంలో లేసు అల్లిక నేర్పారు. ఆ లేసుకు బయట పేరు కూడా వచ్చింది. కూర్చుని విన్నారు. కెయిన్ మా పెళ్ళిళ్ళు, చావులు, భీముడితో చుట్టరికం చెప్పుకునే మా కథలు రాసుకున్నాడు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలు, తెగల గురించి పుస్తకం వేసినప్పుడు కోయల భాగంలో చాలా సంగతులు కెయిన్ నుంచే తీసుకున్నాడు. ఈరోజు పీహెచ్‌డీ చేసే మా పిల్లలు తాతల తాతల గురించి చదవాలంటే ఆ పేజీలే తిరగేస్తున్నారు. మా దేవతల గురించి ఆయన తీర్పులు మాకు నచ్చవు. అయినా జనం తొందరగా చేరి ఉంటే ఆయనకు అంత వినే తీరిక దొరికేది కాదేమో.

హేగ్ సైన్యం ఉద్యోగం అయ్యాక మళ్ళీ దుమ్ముగూడెం వచ్చి కొంతకాలం మిషన్ పని చూశాడు. తాను వచ్చిన పథకం అప్పటికి చచ్చిపోయింది. లాకుల పక్కన తుప్పలు మొలిచి ఉంటాయి. ఒక ఇంజనీరుకు ఆ కాలువ చూస్తే ఏమనిపించిందో రాయలేదు గానీ, ఆయన చేతికి దొరికిన రెండో పని కాలువకంటే ఎక్కువ కాలం నిలిచింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో లూకా సువార్త కోయ మాటలో, తెలుగు అక్షరాల్లో అచ్చయింది. దాని వెనక హేగ్ శ్రమ ఉంది. ఆయన పక్కన కూర్చుని "మేము ఇలా అనం, ఇలా అంటాం" అని సరిచేసిన కోయవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు లేవు. చదవను, రాయను తెలియని భాషగా లెక్కేసిన మాటను కాగితం మీద పెట్టినవాళ్ళలో వాళ్ళూ భాగస్తులే. తర్వాత 1912లో అజరయ్యగారు దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ చరిత్ర వేరేచోట బాగానే దొరుకుతుంది.

తెలుగు బైబిల్లో ఒక మాట గురించి బడిపంతుళ్ళుగా చెప్పాలి. విశ్వాసం, ప్రేమ పక్కన ఉండే మూడో మాటకు మన అనువాదకులు ఆశ అని రాయలేదు, నిరీక్షణ అని రాశారు. వాడుకలో నిరీక్షణ అంటే ఎదురుచూడడమే. తెలుగులో చదివే క్రైస్తవుడికి ఆశ పెట్టుకోవడం, ఎదురుచూడడం ఒకటే మాటలో వచ్చేస్తాయి. ఇది మంచిదే. ప్రమాదం కూడా ఉంది. ఏం జరిగినా "నిరీక్షించండి" అని ప్రసంగంలో చెప్పేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

అన్ని ఎదురుచూపులూ దేవుడు పెట్టినవి కావు. 1879లో రంప వైపు లేచిన తిరుగుబాటు రేకపల్లి దాకా వచ్చింది. మద్రాసులో కలిపాక పోడు మీద గొడ్డలి పన్ను పెంచడం, కొన్నిచోట్ల పోడే వద్దనడం దానికి ఒక కారణం. ఆ తిరుగుబాటు వెంట నడిచిన రేకపల్లి జనాన్ని ఓపిక లేనివాళ్ళని మేము అనలేం. మనుషులు చేసిన ఆలస్యాన్ని దేవుడి సమయం అని పిలవడం దేవుడి మీద చాడీ చెప్పడమే అవుతుంది.

పౌలు సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. కైసరయలో రెండేళ్ళు కారణం లేకుండా బందీగా ఉంచారు. ఉంచిన అధిపతి పేరు ఫేలిక్సు. మన ఇంజనీరు పేరూ అదే, పోలిక మాత్రం పేరుతో సరి. ఆ అధిపతి లంచం వస్తుందేమోనని పిలిపించి మాట్లాడుతూ గడిపాడు. ఆ రెండేళ్ళను గురించి ప్రసంగాల్లో పౌలు ఓపిక అంటారు. ఓపిక నిజమే. కానీ ఆయన మాట్లాడే అవకాశం వచ్చినప్పుడల్లా మాట్లాడాడు, చివరికి తనకున్న హక్కును బట్టి కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. చేతిలో ఉన్న పనీ, చేతిలో ఉన్న హక్కూ రెండూ వదల్లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా ఊళ్ళలో ఉంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే. ఇప్పుడు నలభైలలో ఉన్న మాలాంటి వాళ్ళలో చాలామంది ఆ దారిలో బడుల్లోకి వచ్చినవాళ్ళమే. అప్పుడు కూడా శిక్షణ అయిన మర్నాడే ఉద్యోగం రాలేదు. ప్రకటన కోసం ఏళ్ళు చూశాం. ఆ ఏళ్ళలో ఊరికే ఉండలేక చర్చి వసారాలో రాత్రి బడి నడిపాం. కిరసనాయిలు దీపం, పలకలు, ఒక పాత మ్యాపు. మొదటి తరగతి పిల్లలకు తెలుగు అర్థం కాదని శిక్షణా కళాశాలలో మాకెవరూ చెప్పలేదు. ఆ వసారాలో తెలిసింది. ముందు కోయలో చెప్పి, తర్వాత తెలుగులోకి తేవాలని అక్కడే నేర్చుకున్నాం. తర్వాత జీతానికి చేసిన పనంతా జీతం లేనప్పుడు నేర్చుకున్నదే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మమ్మల్ని షరతులతో ఉండనిచ్చింది. మా తర్వాతివాళ్ళకు దారి ఇరుకైంది. మా దగ్గరే అక్షరాలు దిద్ది, డీఎడ్ చదివి, సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో పెట్టుకుని మిర్చి కోతలకు పోతున్న పిల్లలున్నారు. ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చుంటారు. ఆరాధన అయ్యాక ఒకసారి వాళ్ళలో ఒకడు, "మీకు దేవుడు జీవో ఇచ్చాడు, మాకు నిరీక్షణ ఇచ్చాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేము నవ్వలేకపోయాం.

జీతం తీసుకునేవాళ్ళం వాళ్ళకు ఓపిక గురించి చెప్పే అర్హత మాకు లేదు. అందుకే చెప్పడం మానేసి, చరిత్ర చెప్పాం. వెంకటరామరాజు సంగతి, మిషనరీలను ఆగేలా చేసిన పెద్దల సంగతి, పౌలు అప్పీలు సంగతి. స్థానిక పోస్టులకు చట్టం కావాలని ఆదివాసీ సంఘాలు అడుగుతున్నాయి. ఆ అర్జీల మీద సంతకాల కాగితం ఇప్పుడు మా చర్చిలోనే, కానుక పెట్టె పక్కన ఉంటోంది. మొదట్లో ఒకరిద్దరు పెద్దలు ఆరాధన స్థలంలో ఇదేమిటన్నారు. అయ్యగారు ఏమీ అనకుండా ముందు తాను సంతకం పెట్టారు.

ఆ పిల్లలు ముగ్గురు ఈ ఏడాది వానాకాలం నుంచి సాయంత్రాలు వసారాలో మళ్ళీ బడి మొదలుపెట్టారు. మేము సుద్దముక్కలు, అట్టలు ఇస్తున్నాం. మిగతాదంతా వాళ్ళదే. కోయ పదాలు తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి, పక్కన బొమ్మ వేసి, గోడకు అంటిస్తున్నారు. ఒకటి రెండు పదాల దగ్గర వాళ్ళకు తగువు వచ్చింది. ఆ ఊరి మాట ఒకటి, ఈ ఊరి మాట ఒకటి. రెండూ రాయమన్నాం. శ్రావణంలో జల్లు కొట్టి అట్టలన్నీ తడిసి, రంగు కారి, అక్షరాలు కలిసిపోయాయి. పోయిన వారం నుంచి మళ్ళీ రాస్తున్నారు. ఈసారి వసారా లోపలి గోడకు.